అడుగు వేయని కోరిక

ఇంగ్లీషు నిఘంటువుల్లో ఉండి వాడుకలో అరుదుగా కనిపించే మాట ఒకటుంది: వెలీయిటీ. కోరికలన్నిటిలోకీ అత్యల్పమైనదాన్ని, ఉందంటే ఉంది, లేదంటే లేదన్నంత సన్నని కోరికను అది సూచిస్తుంది. కోరేవాడు కోరుతూనే ఉంటాడు; దానికోసం కూర్చున్న చోటు నుంచి లేవడు. రాజకీయాలు గమనించేవారికి ఇంతగా పనికివచ్చే మాట ఇంత మరుగున ఉండిపోవడం విచిత్రమే. ప్రభుత్వ పత్రాల్లో పచ్చి అబద్ధాలు మనం అనుకున్నంత ఎక్కువగా ఉండవు. ఎక్కువగా ఉండేవి వెలీయిటీలే. అబద్ధమాడినవాణ్ణి సాక్ష్యాధారాలతో పట్టుకోవచ్చు. నిజంగానే కోరుకుని, కోరికతోనే ఆగిపోయినవాణ్ణి ఏ సెక్షన్ కింద నిలదీస్తాం?

మాట పుట్టింది లాటిన్‌లో. ‘వెల్లె’ అంటే కోరడం. దాని నుంచి మధ్యయుగపు క్రైస్తవ పండితులు ‘వెల్లెయితాస్’ అనే నామవాచకాన్ని తయారుచేసుకున్నారు. వారి మనసులో ఉన్నది ‘వెల్లెత్’ అనే షరతు రూపం. ‘కోరుతున్నాడు’ అని కాదు దాని అర్థం, ‘వీలుంటే కోరేవాడే’ అని. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ తన ‘సుమ్మా థియలాజికా’లో ఈ మాటను రెండు ముఖ్యమైన సందర్భాల్లో వాడాడు. సాధ్యం కానిదాన్ని మనిషి ఎంచుకోగలడా అన్నది ఒక ప్రశ్న. ఎంచుకోలేడు, అయితే ‘సాధ్యమైతే కోరేవాణ్ణి’ అన్నట్టు ఒక అసంపూర్ణ సంకల్పం మాత్రం కలుగుతుంది, దాన్నే కొందరు వెల్లెయితాస్ అంటున్నారు అని ఆయన జవాబు. ‘కొందరు అంటున్నారు’ అన్నాడు గనుక మాట ఆయన కల్పన కాదని తెలుస్తూనే ఉంది. రెండో సందర్భం మరింత సున్నితమైనది. శిలువకు ముందటి రాత్రి గెత్సెమనే తోటలో క్రీస్తు తనకు రానున్న బాధ తొలగిపోవాలని ప్రార్థించాడు కదా, అది నెరవేరలేదు కదా, మరి ఆయన ప్రార్థన వ్యర్థమైనట్టేనా? అక్వినాస్ అంటాడు: అది సంపూర్ణ సంకల్పం కాదు, అడ్డేమీ లేకపోతే కోరి ఉండేది, దానికి సరైన పేరు వెల్లెయితాస్.

ఇక్కడ ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. ఆ పండితుల దృష్టిలో ఈ మాటకు నిందార్థం లేదు. అడ్డు నిజమైనది. కోరేవాడి చేతిలో లేనిది. మనిషి పరిమితిని గౌరవంగా చెప్పడానికి పుట్టిన మాట ఇది.

17వ శతాబ్దం తొలి దశకాల్లో ఇది ఇంగ్లీషులోకి దిగింది. ఆ శతాబ్దం ముగిసేలోగా జాన్ లాక్ దాని రంగు మార్చేశాడు. 1690 నాటి ముద్రణగా పేరున్న తన మానవావగాహన వ్యాసంలో ఆయన కోరికను లేమి వల్ల కలిగే అశాంతిగా నిర్వచించాడు. ఆ అశాంతే మనిషిని పనికి పురికొల్పుతుందన్నాడు. లేనిదాని వల్ల మనకు కలిగే అశాంతి దాదాపు శూన్యమైనప్పుడు మిగిలేది వెలీయిటీ. అటువంటివాడు ఆ వస్తువును పొందడానికి సాధనాలేవీ గట్టిగా చేపట్టడు. గమనించండి, బయటి అడ్డు అనే మాటే ఇందులో లేదు. అడ్డు స్థానంలో ఉదాసీనత వచ్చి కూర్చుంది. అక్వినాస్ చేతిలో అశక్తుడి కోరికగా ఉన్నది లాక్ చేతిలో అనాసక్తుడి కోరిక అయింది.

ఐరోపాలోని మిగతా భాషల్లో ఈ మాట నడిచిన దారులు ఇంకా రసవత్తరం. ఫ్రెంచిలో ‘వెలెయితే’ నేటికీ పత్రికల భాషే: ఏదో ప్రాంతంలో స్వాతంత్ర్య కాంక్ష లీలగా తలెత్తితే ఆ మాట వాడతారు. ఇటలీలో ‘వెల్లెయితా’ అంటే స్తోమతకు మించిన ఆశ. ఒక నాయకుణ్ణి ‘వెల్లెయితారియో’ అన్నారంటే గాలిమేడలు కట్టేవాడని తిట్టినట్టు. స్పెయిన్‌లో అదే మాట ‘వెలెయిదాద్’ అయి చపలత్వం అనే అర్థానికి చేరింది. ఇంగ్లీషు మాత్రం పుస్తకాల అరలో పెట్టి మరిచిపోయింది. ఒకే లాటిన్ మాట నాలుగు దేశాల్లో మినుకుమినుకుమనే ఆశగా, పగటికలగా, నిలకడలేనితనంగా, నీరసంగా మారిందన్నమాట. ఈ నాలుగూ కలిసి ఒకే మనిషిలో ఉండటం అసాధ్యమేమీ కాదు; పార్లమెంటు సమావేశాలు చూసేవారికి ఆ సంగతి చెప్పనక్కరలేదు.

మన వైపు చూద్దాం. లాటిన్ ‘వెల్లె’కు, ఇంగ్లీషులో సంకల్పాన్ని చెప్పే ‘విల్’కు, సంస్కృతంలోని ‘వృ’ ధాతువుకు మూలం ఒకటేనని భాషాశాస్త్రం చెబుతుంది. ‘వృ’ అంటే ఎంచుకోవడం. వరం, వరుడు, స్వయంవరం అన్నీ అక్కడివే. అంటే వెలీయిటీ మన ‘వరం’ మాటకు దూరపు చుట్టం. ఎన్నికల ముందు తెలుగు పత్రికలు ‘వరాల జల్లు’ అని శీర్షిక పెట్టినప్పుడు తెలియకుండానే సరైన కుటుంబంలోంచి మాటను ఎంచుకుంటున్నాయి.

అమరకోశం కోరికకు ఇచ్ఛ, కాంక్ష, స్పృహ, ఈహ, వాంఛ, లిప్స, మనోరథం, కామం, అభిలాష అంటూ వరసగా పర్యాయపదాలు ఇస్తుంది. వీటిలో వెలీయిటీకి దగ్గరగా వచ్చేది మనోరథమే అనుకుంటాను. నేల మీద చక్రం ఆనని రథం అది. ‘ఈషదిచ్ఛ’ అని ఒక సమాసం కట్టుకోవచ్చుగానీ తెలుగుకు అంత శ్రమ అవసరం లేదు. ‘చేస్తే బాగుండు’ అనే రెండు మాటల్లో వెల్లెయితాస్ మొత్తం ఉంది. ఎవరు చేస్తే, ఎప్పుడు చేస్తే అన్న ప్రశ్నలకు ఆ వాక్యంలో చోటే లేదు.

కానీ అసలు విషయం పదకోశంలో కాదు, వ్యాకరణంలో దొరుకుతుంది. కోరిక అనే అర్థంలో ధాతువుకు ‘సన్’ అనే ప్రత్యయం చేర్చవచ్చని పాణిని అష్టాధ్యాయి మూడో అధ్యాయంలో చెప్పాడు. తాగాలనే కోరిక పిపాస, తెలుసుకోవాలనే కోరిక జిజ్ఞాస, చేయాలనే కోరిక చికీర్ష. అయితే దానికి ఒక నిబంధన పెట్టాడు: కోరే కర్త, చేసే కర్త ఒక్కరే అయి ఉండాలి. నీళ్లు తాగాలని నాకు ఉంటే అది పిపాస. మరెవరో తాగాలని నేను కోరుకుంటే దానికి ఆ రూపం రాదు. ఇదే విషయాన్ని న్యాయశాస్త్రం మరో కోణంలో చెప్పింది. ముందు జ్ఞానం, దాని వెనక ఇచ్ఛ, దాని వెనక ప్రయత్నం. ఆ ఇచ్ఛ చికీర్ష కావాలంటే, ఈ పని నా ప్రయత్నం వల్ల సాధ్యమవుతుందన్న ఎరుక ఉండాలి. వాన కురవాలని రైతు కోరుకుంటాడు, అది చికీర్ష కాదు. చెరువు తవ్వాలని కోరుకుంటే అది చికీర్ష.

పాణిని నిబంధనను చేతిలో పట్టుకుని మన రాజ్యాంగ చరిత్రలోకి వెళితే చాలా సంగతులు తేటపడతాయి. పిల్లల చదువు కథనే తీసుకుంటాను. ఎందుకంటే దీనిలో కోరనివాడంటూ ఎవడూ లేడు.

1911 మార్చిలో గోపాలకృష్ణ గోఖలే ఇంపీరియల్ శాసనమండలిలో నిర్బంధ ప్రాథమిక విద్య బిల్లు పెట్టారు. దేశమంతటా ఒక్కసారిగా నిర్బంధం తెమ్మని ఆయన అడగలేదు. ఏ ఊళ్లో ఇప్పటికే కొంత శాతం పిల్లలు బడికి వెళుతున్నారో అక్కడి స్థానిక సంస్థ తానుగా ముందుకొస్తే, ప్రభుత్వ అనుమతితో ఆరు నుంచి పదేళ్ల వయసు మగపిల్లలకు చదువు తప్పనిసరి చేయవచ్చన్నారు. ఖర్చులో మూడింట రెండు వంతులు ప్రభుత్వానిది, ఒక వంతు స్థానిక సంస్థది. ఇంత వినయంగా అడిగిన బిల్లు కూడా 1912 మార్చిలో 13 ఓట్లకు వ్యతిరేకంగా 38 ఓట్లతో వీగిపోయింది. ఎదిరించినవారిలో ఎవరూ చదువు వద్దనలేదు. ప్రజలు సిద్ధంగా లేరన్నారు, డబ్బు లేదన్నారు. మరుసటి ఏడాది, 1913 ఫిబ్రవరిలో, భారత ప్రభుత్వం విద్యపై ఒక తీర్మానం వెలువరించింది. నిర్బంధ విద్య సూత్రాన్ని ఒప్పుకోలేమంది. చదువు స్వచ్ఛందంగా వీలైనంత విస్తరించాలని మాత్రం కోరుకుంది. వెలీయిటీకి ఇంతకంటే శుద్ధమైన ఉదాహరణ పాఠ్యపుస్తకం కోసం వెతికినా దొరకదు.

అడ్డు నిజమైనదేనా? అక్వినాస్ అడిగి ఉండే ప్రశ్న అదే. ఆ కాలంలోనే, ఆ నేల మీదే బరోడా మహారాజు సయాజీరావ్ గైక్వాడ్ 1893లో అమ్రేలీ ప్రాంతంలో నిర్బంధ విద్య మొదలుపెట్టి 1906 నాటికి సంస్థానమంతటికీ విస్తరించాడు. గోఖలే ఆ ఉదాహరణను ప్రభుత్వం ముందుంచారు కూడా. సామ్రాజ్యానికి సాధ్యం కానిది ఒక సంస్థానానికి సాధ్యమైంది. అక్కడ కోరినవాడు, చేయవలసినవాడు ఒక్కడే.

స్వరాజ్యం వచ్చే ముందు, 1947లో, ప్రాథమిక హక్కుల ఉపసంఘం తయారుచేసిన ముసాయిదాలో ఉచిత ప్రాథమిక విద్య హక్కుల జాబితాలోనే ఉంది. ఆ ఏప్రిల్‌లో సలహా సంఘం ముందుకు వచ్చేసరికి పాత ప్రశ్నే మళ్లీ లేచింది: ప్రభుత్వం దగ్గర డబ్బు లేకపోతే కోర్టు ఏం చేస్తుంది? హక్కు అక్కడి నుంచి కదిలి, కోర్టులో అమలు కోరలేని ఆదేశిక సూత్రాల్లోకి చేరింది. అలా చేరినా ముసాయిదాలో దాని మొదటి మాటలు ఇంకా బలంగానే ఉన్నాయి. ప్రతి పౌరుడూ ఉచిత ప్రాథమిక విద్యకు అర్హుడని అవి చెప్పాయి. పదేళ్లలో అందించడానికి రాజ్యం ప్రయత్నించాలన్నది ఆ తర్వాతి భాగం. 1948 నవంబరు 23న రాజ్యాంగ సభలో లక్ష్మీకాంత మైత్ర లేచి, ఇది ఆదేశిక సూత్రం గనుక ‘అర్హుడు’ అనే మాట ఇక్కడ ఇమడదు, ఆ మొదటి భాగం తీసేయాలన్నారు. అంబేడ్కర్ ఒప్పుకున్నారు. తర్కరీత్యా మైత్ర చెప్పింది తప్పు కాదు. ఇల్లు మారాక పాత చిరునామా పలక పీకేయమన్నట్టే. కానీ ఆ పలకతో పాటు వాక్యంలోని కర్త మారిపోయాడు. అంతకుముందు పౌరుడు కర్త. ఇప్పుడు ప్రయత్నించే రాజ్యం కర్త. ఏ బిడ్డకూ ఆ వాక్యంలో అడిగే స్థానం లేకుండా పోయింది.

అదే రోజు మరో సభ్యుడు నజీరుద్దీన్ అహ్మద్ దీన్ని ప్రాథమిక విద్యకే పరిమితం చేద్దామంటే అంబేడ్కర్ ఒప్పుకోలేదు. 14 ఏళ్లలోపు పిల్లల్ని ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదని మరో అధికరణంలో రాసుకున్నాం, పనిలో లేని పిల్లవాడు బడిలో ఉండాలి కదా అన్నారు. కాలపరిమితి విషయంలోనూ, వయసు విషయంలోనూ ఆయన మెత్తబడలేదు. ఆదేశిక సూత్రాలను అలంకారాలుగా చూస్తున్నవారికి అంతకు కొద్ది రోజుల ముందే జవాబిచ్చి ఉన్నారు: అధికారంలోకి వచ్చినవాడు వీటి విషయంలో కోర్టుకు జవాబు చెప్పనక్కరలేకపోవచ్చు, ఎన్నికల్లో ఓటర్లకు చెప్పుకోక తప్పదని. ఐర్లండ్ 1937 రాజ్యాంగం నుంచి తెచ్చుకున్న ఈ ఏర్పాటు మీద సభలో ఎత్తిపొడుపులు తక్కువేమీ లేవు. బ్యాంకుకు వీలున్నప్పుడు చెల్లించే చెక్కు అని కె.టి.షా ఈసడించారు. అక్వినాస్ చదివినవాడికి ఆ చెక్కును గుర్తుపట్టడం కష్టం కాదు.

ఆదేశిక సూత్రాలన్నిటిలో గడువు ఉన్నది ఈ 45వ అధికరణానికి ఒక్కదానికే. పదేళ్లు. 1960 జనవరి 26తో అది ముగిసింది. మరుసటి ఏడాది జనగణనలో దేశ అక్షరాస్యత 28.3 శాతం. 1951లో 18.33 శాతం ఉన్నది పదేళ్లలో పది శాతం పెరిగిందన్నమాట. గడువు ముగిసినట్టు ఎవరూ చావుకబురు చెప్పలేదు, ఎవరూ పదవి వదులుకోలేదు. 1962 ఎన్నికల్లో ఓటర్లు దీనిమీద జవాబు అడిగిన దాఖలా కనిపించదు. అడగవలసినవారిలో అత్యధికులు ఆ అధికరణాన్ని చదవలేని స్థితిలో ఉండటమే ఈ మొత్తం కథలోని క్రూరమైన వ్యంగ్యం.

ఆ తర్వాతి కాలం ఒక అంకె చుట్టూ తిరిగింది. 1966లో కొఠారీ కమిషన్ జాతీయాదాయంలో 6 శాతం విద్యకు ఖర్చు చేసే స్థాయికి 1985-86 నాటికి చేరాలంది. 1968 జాతీయ విద్యా విధానం 6 శాతమంది. 1986 విధానం 6 శాతాన్ని దాటాలంది. 2020 విధానం మళ్లీ 6 శాతమంటూ, గతంలో ఆ స్థాయిని అందుకోలేదని తనే ఒప్పుకుంది. యాభై ఏళ్లుగా ఒకే కోరికను ఇంత విశ్వాసంతో కోరుకునే భక్తుడు మరో రంగంలో దొరకడు.

గోడ కదిలింది 1993లో. కదిలించిన కేసు మన రాష్ట్రానిదే: ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం. అందులో కొట్లాట పసిపిల్లల బడుల గురించి కాదు. ప్రైవేటు వైద్య, ఇంజనీరింగు కాలేజీలు గుంజే కాపిటేషన్ ఫీజుల గురించి. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ వ్యాపారం ఎలా నడిచిందో ఆ తరం తల్లిదండ్రులకు తెలుసు. సీటు హక్కా కాదా అన్న వాదనలోంచి, అసలు చదువు హక్కా కాదా అన్న ప్రశ్న పైకి తేలింది. ప్రధాన తీర్పు రాసిన తెలుగు న్యాయమూర్తి జస్టిస్ బి.పి.జీవన్ రెడ్డి 45వ అధికరణంలోని గడువు మీద వేలు పెట్టారు. మిగతా ఏ ఆదేశిక సూత్రానికీ లేని గడువు దీనికి ఎందుకు పెట్టారు, దానికి అర్థమేమీ లేదా, నాలుగు దశాబ్దాలు దాటినా ఇది ఒట్టి సదాశయంగానే మిగలాలా అని అడిగారు. 14 ఏళ్ల వరకు చదువు ప్రాథమిక హక్కేనని కోర్టు తేల్చింది. న్యాయమూర్తి వెలీయిటీ అనే మాట వాడలేదు. వాడవలసిన అవసరం లేకుండా దాన్ని నిర్వచించారు.

తీర్పు వెనక 86వ సవరణ వచ్చింది, 2002లో. ఆరు నుంచి 14 ఏళ్ల పిల్లలకు చదువు హక్కు అని 21ఎ అధికరణం చేరింది. కానీ సవరణలోనే ఒక చిన్న వాక్యం ఉంది: కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన తేదీ నుంచి ఇది అమల్లోకి వస్తుంది. ఆ తేదీ 2010 ఏప్రిల్ 1. పార్లమెంటు ఒప్పుకున్నాక కూడా ఏడేళ్లకు పైగా. మొత్తం లెక్క చూస్తే రాజ్యాంగం అమల్లోకి వచ్చినప్పటి నుంచి అరవై ఏళ్ల రెండు నెలలు. ఆ మధ్యలో పుట్టి, పశువుల వెంట, బీడీల చాటల దగ్గర, పత్తి చేలల్లో పెరిగి పెద్దవారైపోయినవారి సంఖ్య ఏ విధాన పత్రంలోనూ ఒక అంకెగా కనిపించదు.

ఆ ‘ప్రకటించిన తేదీ’ అనే వాక్యం దగ్గర కాసేపు ఆగాలి. మన శాసన భాషలో వెలీయిటీకి అది అధికార నివాసం. ఎమర్జెన్సీ గాయాలు మానకముందు 1978లో జనతా ప్రభుత్వం 44వ రాజ్యాంగ సవరణ తెచ్చింది. దాని మూడో సెక్షన్ ముందస్తు నిర్బంధాన్ని బిగించింది: సలహా మండలి అభిప్రాయం లేకుండా మనిషిని నిర్బంధంలో ఉంచే కాలాన్ని మూడు నెలల నుంచి రెండు నెలలకు తగ్గించింది, మండలి కూర్పును హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సిఫారసుతో ముడిపెట్టింది. 1979 ఏప్రిల్‌లో రాష్ట్రపతి సంతకం అయింది. ఆ చట్టంలోని ఇతర సెక్షన్లు అదే ఏడాది అమల్లోకి వచ్చాయి. మూడో సెక్షన్‌కు మాత్రం నేటికీ ఏ ప్రభుత్వమూ తేదీ ఇవ్వలేదు. జాతీయ భద్రతా చట్టాన్ని సవాలు చేసిన ఎ.కె.రాయ్ కేసులో ఈ సంగతి సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. 1981 డిసెంబరులో ఇచ్చిన తీర్పులో, తేదీ ఇవ్వమని ప్రభుత్వాన్ని శాసించలేమని మెజారిటీ న్యాయమూర్తులు చెప్పి, త్వరలో ఇస్తారన్న ఆశ వెలిబుచ్చారు. పార్లమెంటు కోరింది, కోర్టు ఆశించింది. చేయవలసిన కర్త నార్త్ బ్లాక్‌లో మౌనంగా కూర్చున్నాడు. ఆ తర్వాత అధికారంలోకి వచ్చిన వారిలో ఎమర్జెన్సీలో జైలుకు వెళ్లినవారూ ఉన్నారు.

మహిళా రిజర్వేషన్ బిల్లుదీ ఇదే వంశం. 1996 సెప్టెంబరులో మొదటిసారి లోక్‌సభకు వచ్చింది. మళ్లీ మళ్లీ పెట్టారు, మళ్లీ మళ్లీ రద్దయింది. 2010లో రాజ్యసభ 186 ఓట్లతో ఆమోదిస్తే ఎదిరించింది ఒక్కరే. లోక్‌సభ దాకా అది వెళ్లలేదు. 2023 సెప్టెంబరులో లోక్‌సభలో అనుకూలం 454, ప్రతికూలం 2. రాజ్యసభలో ప్రతికూలం సున్నా. ఇంతటి ఏకాభిప్రాయంతో వచ్చిన చట్టం తన కాళ్లకు తానే రెండు ముడులు వేసుకుని పుట్టింది: ముందు జనగణన, తర్వాత నియోజకవర్గాల పునర్విభజన. అక్వినాస్ చెప్పిన అడ్డు బయట నుంచి వచ్చేది. ఇక్కడ కోరేవారే అడ్డును డ్రాఫ్టు చేశారు. పాత లాటిన్ మాటకు మన కాలం చేర్చిన కొత్త అర్థం ఇదేనేమో.

తెలుగువారికి ఈ భాష కొత్త కాదు. 2014 పునర్విభజన చట్టం 93వ సెక్షన్, పదమూడో షెడ్యూలులోని చర్యలన్నీ పదేళ్లలో తీసుకోవాలంది. 45వ అధికరణంలోని పదేళ్లే. షెడ్యూలు తెరిస్తే కడప ఉక్కు గురించీ, అప్పటి ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం గురించీ ఉన్న క్రియాపదం ‘నిర్మించాలి’ కాదు. ఆరు నెలల్లో ఉక్కు సంస్థ సాధ్యాసాధ్యాలను ‘పరిశీలించాలి’ అని. పరిశీలించడంతో చట్టం నెరవేరినట్టే. 2024 జూన్ 2న పదేళ్లు నిండాయి. కడపలో శంకుస్థాపనలు జరిగాయి, రాళ్ల మీద పేర్లు మారాయి. ఉక్కు సంస్థ కర్మాగారం కడపలోనూ లేదు, బయ్యారంలోనూ లేదు. బిల్లును సభలో ప్రవేశపెట్టిన రోజున మన సభ్యులు క్రియాపదాల మీద పోట్లాడి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం. ఆ రోజు సభలో మిరియాల ఘాటులో అక్షరాలు చదివే పరిస్థితి లేదన్నది వేరే సంగతి.

ఇదే నేల మీద దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. మత్తు పానీయాల నిషేధానికి రాజ్యం ప్రయత్నించాలని 47వ అధికరణం చెబుతుంది. అదీ వెలీయిటీయే, సారా వేలంపాటల మీద ఖజానా నింపుకునే ప్రభుత్వాలు దాన్ని నాలుగు దశాబ్దాలు అలాగే ఉంచాయి. 1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. రాత్రి బడుల్లో అక్షరాలు దిద్దిన కూలి ఆడవాళ్లు వాచకంలోని పాఠాల్లో తమ బతుకునే చదువుకున్నారు. దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటివారు సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. అది ఊరూరా పాకింది. 1992లో సారా వేలంపాటలను జరగనివ్వలేదు. 1993 అక్టోబరు నుంచి సారాపై నిషేధం, 1995 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సంపూర్ణ మద్యనిషేధం దాని వెనక వచ్చినవే. దూబగుంట ఆడవాళ్లకు 47వ అధికరణం తెలిసి ఉండాల్సిన పని లేదు. కోరినవారే చేసేవారు కావడంతో పాణిని నిబంధన అక్కడ పూర్తయింది. కర్తలు మళ్లీ విడిపోయాక ఏమైందో కూడా తెలిసిందే: 1997లో ఆదాయం లోటు పేరుతో నిషేధాన్ని ఎత్తేశారు. నలభై ఐదో అధికరణం అరకొరగా రాత్రి బడిగా మారి ఊళ్లోకి వచ్చినందుకే నలభై ఏడో అధికరణానికి ప్రాణం వచ్చిందన్న సంగతి మన రాజ్యాంగ చరిత్రకారులు అంతగా పట్టించుకోలేదు.

చివరికి 45వ అధికరణం ఏమైందో చెప్పాలి. ఆరు నుంచి 14 ఏళ్ల పిల్లలు 21ఎ అధికరణంలోకి వెళ్లిపోయాక అది ఖాళీ అయింది. ఖాళీ చేసిన ఇంట్లోకి 86వ సవరణ కొత్తవారిని ప్రవేశపెట్టింది: ఆరేళ్లు నిండని పిల్లలు. అంగన్‌వాడీల వయసువారు. వీరి సంరక్షణకూ, చదువుకూ రాజ్యం ప్రయత్నించాలని ఇప్పుడా అధికరణం చెబుతోంది. విద్యాహక్కు చట్టం 11వ సెక్షన్ మూడేళ్లు దాటిన పిల్లలకు బడికి ముందటి విద్య కోసం ప్రభుత్వం ఏర్పాట్లు ‘చేయవచ్చు’ అంటుంది. 1949లో రాసిన వాక్యంలో పదేళ్ల గడువైనా ఉండేది. కొత్త వాక్యంలో అది లేదు.